నిర్విక్షేప లేఖనం: కోలాచల మల్లినాథుని రెండు నియమాలు

సంగారెడ్డి నుండి నర్సాపూరు మీదుగా మెదకు వైపు సాగే మార్గంలో, మంజీరకు అనతిదూరంలో, కొల్చారం అనే గ్రామం ఉన్నది. పటాన్‌చెరు పారిశ్రామికవాటికలోని యంత్రఘోష నుండి అక్కడికి కొన్ని గడియల ప్రయాణమే. 2016లో జిల్లాల పునర్విభజన జరిగేవరకు ఈ భూభాగమంతా సంగారెడ్డి కేంద్రంగా ఉన్న మెదకు జిల్లాయే. సంస్కృత కావ్యాధ్యయనపరులకు మాత్రం ఈ గ్రామం ఊరిపేరుగా కంటె ఇంటిపేరుగానే ఎక్కువ పరిచితం. మహామహోపాధ్యాయ కోలాచల మల్లినాథసూరి ఇంటిపేరు ఈ ఊరిదే. ఆయన 14, 15 శతాబ్దుల నాటివాడని విద్వాంసుల నిర్ణయం.

ఏకాగ్రంగా వ్రాయడానికి నేటి రచయితలు ప్రత్యేక సాధనాలను ఆశ్రయిస్తున్నారు. 2006లో వచ్చిన రైట్‌రూమ్ అనే ఎడిటర్ కంప్యూటరు తెరపై ఉన్న మీటలను, పట్టికలను కనుమరుగు చేసి అక్షరాలను మాత్రమే మిగిల్చింది. 2010లో వచ్చిన ఐఏ రైటర్ ఇంకొక అడుగు ముందుకు వేసి, ప్రస్తుతం వ్రాస్తున్న వాక్యం తప్ప తక్కినవన్నీ మసకబారే ఏర్పాటు చేసింది. 2011 జులైలో వర్డ్‌ప్రెస్ 3.2 వెలువడినప్పుడు ఈ సౌకర్యం ప్రచురణ జరిగే చోటనే లభించింది. వ్రాసేవాని కంటికి వ్రాత తప్ప మరేదీ అగుపించరాదన్నది వీటన్నిటి ఆశయం. ఈ ఆశయానికి భారతీయ లేఖన సంప్రదాయంలో దీర్ఘమైన పూర్వచరిత్ర ఉన్నది. అందులో కొల్చారానిది ప్రత్యేకమైన అధ్యాయం.

మల్లినాథుడు వ్యాఖ్యాత. రఘువంశ, కుమారసంభవ, మేఘసందేశాలకు సంజీవని, కిరాతార్జునీయానికి ఘంటాపథం, శిశుపాలవధకు సర్వంకష, నైషధానికి జీవాతువు ఆయన వ్యాఖ్యలు. భట్టికావ్యానికి, విద్యాధరుని ఏకావళికి, న్యాయశాస్త్రంలో వరదరాజుని తార్కికరక్షకు కూడ ఆయన వ్యాఖ్యానాలు ఉన్నవి. ఇంత వ్రాసినవాడు వ్యాఖ్యారంభంలో తనకు తాను రెండు నియమాలు విధించుకొన్నాడు: మూలం లేనిది ఏదీ వ్రాయడు, అపేక్షితం కానిది ఏదీ చెప్పడు.

మొదటి నియమాన్ని అంగీకరించని పండితుడు ఉండడు. రెండవదే దుష్కరం. కాణాదం మొదలుకొని వ్యాకరణం దాకా తాను అభ్యసించిన శాస్త్రాలను ఆయనే పేర్కొన్నాడు. అటువంటివాడు మేఘసందేశంలోని ఒక్క శ్లోకం ఎదుట కూర్చున్నప్పుడు చెప్పగలిగినది సముద్రమంత, చెప్పవలసినది చుళుకమంత. విద్వాంసునికి తన విద్యయే మహావిక్షేపం. పూర్వవ్యాఖ్యలలో అది ఎంత అనర్థం తెచ్చిందో కూడ ఆయన దాపరికం లేకుండా చెప్పాడు: దుర్వ్యాఖ్యలనే విషం సోకి కాళిదాసుని వాణి మూర్ఛిల్లినదట. తన వ్యాఖ్యకు సంజీవని అని పేరు పెట్టడానికి కారణం ఇదే. ఇది పాండిత్యగర్వంగా కొందరికి తోచవచ్చు. కాని మూర్ఛితుని ప్రక్కన నిలిచిన వైద్యుడు తన శాస్త్రపరిజ్ఞానాన్ని ప్రదర్శించడానికి ఉపన్యసించడు కదా!

ఆయన పద్ధతిలో ఈ నియమం ప్రత్యక్షంగా కనబడుతుంది. శ్లోకంలోని పదాలను అన్వయక్రమంలో పెట్టుకొంటాడు. ఒక్కొక్క పదానికి పర్యాయం చెబుతాడు. సందేహం కలిగే చోట అమరుడనో, విశ్వమనో, యాదవుడనో కోశప్రమాణం చూపుతాడు. రూపం చిక్కుగా ఉంటే పాణినీయ సూత్రాన్ని ఉదాహరిస్తాడు. అలంకారం ఉంటే పేరు చెబుతాడు. తరువాతి శ్లోకానికి వెళ్లిపోతాడు.

ఆ కాలపు లేఖన సాధనం తాళపత్రం. తాటియాకునో శ్రీతాళపత్రాన్నో సిద్ధపరచి, ఎడమచేత పట్టుకొని, కుడిచేతి గంటంతో అక్షరాలను చెక్కేవారు. రెండు మూడు అంగుళాల వెడల్పు గల ఆకుపై పట్టేవి కొన్ని పంక్తులే. చెక్కినంత మాత్రాన అక్షరం స్ఫుటంగా కనబడదు. తరువాత మసియో ఆకుపసరో పూసి తుడిచినప్పుడే గీతలలో నలుపు నిలిచి అక్షరం తేటపడుతుంది. అనగా వ్రాస్తున్నప్పుడు తన వాక్యాన్ని చూచి మురిసిపోయే అవకాశం లేఖకునికి దాదాపు లేదు. చెక్కినది చెరిపివేయడానికీ వీలు లేదు. పొరపాటు పడితే గుర్తు పెట్టి విడిచిపెట్టాలి. అక్షరం జారిపోతే హంసపాదం వేసి పైన చేర్చాలి. అందువలన వాక్యం గంటం మొనకు రాకముందే మనస్సులో పూర్తి కావలసి ఉండేది. కోశాలు, సూత్రాలు ధారణలో ఉండేవి. ప్రమాణం వెదకడానికి మరొక గవాక్షం తెరవడం, తెరిచి అక్కడే తప్పిపోవడం ఆ వ్యవస్థలో సంభవించదు.

మహాభారత లేఖన వృత్తాంతం సర్వవిదితమే. గంటం ఆగరాదని గణపతి షరతు. అర్థం గ్రహించక అక్షరం వ్రాయరాదని వ్యాసుని ప్రతినియమం. లేఖన వేగానికి, అవగాహనకు నడుమ ఉన్న పోరును ఇంత క్లుప్తంగా చెప్పిన కథ మరొకటి అరుదు. అయితే పుణెలోని భాండార్కర్ ప్రాచ్యపరిశోధన సంస్థ 1919 నుండి 1966 వరకు సాగించిన సంశోధిత ప్రతిలో ఈ కథకు మూలపాఠంలో స్థానం దక్కలేదు, అనుబంధంలోకి వెళ్లింది. లేఖకుని జాగరూకతను బోధించే కథ స్వయంగా ఏ లేఖకుడో చేర్చినది కావడం చరిత్ర చేసిన చమత్కారం.

సాధనం కఠినమైనంత మాత్రాన వ్రాత శుద్ధం కాదనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు. తాళపత్ర యుగంలో ప్రచురణ అంటే ప్రతిలేఖనం. ఒక ప్రతి నుండి మరొక ప్రతి, ఒక ఊరి నుండి మరొక ఊరు. ఎట్లు చూచితినో అట్లే వ్రాసితిని, దోషం నాది కాదు అని ప్రతి చివర చెప్పుకోవడం లేఖకుల ఆచారం. వెన్ను, మెడ వంగిపోగా శ్రమించి వ్రాసిన గ్రంథాన్ని నీటినుండి, నూనెనుండి, వదులైన కట్టునుండి కాపాడమని వేడుకోవడమూ ఆచారమే. ఆ శ్రమ అంతా నిజం. అయినను అదే గంటంతో, అదే ఏకాంతంలో, ప్రక్షిప్త శ్లోకాలూ కావ్యాలలో చేరిపోయినవి. మేఘసందేశంలో అటువంటి కొన్నింటిని మల్లినాథుడు ప్రక్షిప్తాలని పేర్కొన్నాడు కూడ.

పతంజలి యోగసూత్రాలలో చిత్తవిక్షేపాలు తొమ్మిది. వ్యాధి, సంశయం, ప్రమాదం, ఆలస్యం, విషయాలనుండి మరలలేని అవిరతి వాటిలోనివి. ఆ తొమ్మిదింటిలో ఒక్కటైనను వీథిలోని కోలాహలం కాదు, ద్వారం వద్ద తట్టే అతిథి కాదు. అన్నీ లోపలివే. నేటి ఎడిటర్లు తొలగించేవన్నీ వెలుపలివి. అది స్వల్పమైన ఉపకారమేమీ కాదు. శుచియైన ఏకాంతస్థలంలో స్థిరాసనం ఏర్పరచుకొమ్మని గీత ఆరవ అధ్యాయం ధ్యానికి చెప్పినప్పుడు అదీ బాహ్యసన్నాహమే. మూడు షిఫ్టుల సైరన్ల మధ్య, భారీ వాహనాల మార్గం ప్రక్కన, అద్దెగదిలో కూర్చొని వేకువన ఉపనిషద్భాష్యంపై నాలుగు మాటలు వ్రాయదలచిన పటాన్‌చెరు ఉద్యోగికి ఆ నిర్మలమైన తెర నిజంగానే ఒక ఆసనం. అయితే చెరిపే మీట మాత్రం అక్కడ ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది, ప్రచురించే మీట దాని ప్రక్కనే ఉంటుంది. తాళపత్రం విధించిన ఆలస్యం రెండింటిలోనూ లేదు. ఆచార్యుని వాక్యం పేరిట తన ఊహను, ప్రమాణం చూపని శ్లోకార్థాన్ని లోకంలోకి పంపడానికి పూర్వం ఒక తాటియాకుల కట్ట, ఒక లేఖకుని వెన్ను, కొన్ని మాసాలు కావలసి వచ్చేవి. నేడు ఒక్క వ్రేలు చాలు. మూర్ఛిల్లేది ఎప్పటివలెనే మూలగ్రంథం.

మల్లినాథుని కుమారుడు కుమారస్వామి కూడ వ్యాఖ్యాతయే. విద్యానాథుని ప్రతాపరుద్రీయానికి రత్నాపణం వ్రాశాడు. తండ్రి సంజీవని వ్రాతప్రతులుగా దేశమంతటా వ్యాపించి, ముద్రణ వచ్చిన పిమ్మట తెలుగు, నాగరి లిపులలో పాఠశాలలకు చేరింది. కాళిదాసు చదువు అంటే మల్లినాథునితో చదవడమే అయింది.

నేడు ముద్రణలో లభించే కుమారసంభవంలో 17 సర్గలు ఉన్నవి. సంజీవని 8వ సర్గతో ఆగిపోయింది. ఆపైన మల్లినాథుడు గంటం పట్టలేదు. 9వ సర్గ మొదలుకొని ఉన్న భాగం కాళిదాసకృతం కాదని పలువురు పండితులు నిర్ణయించడానికి చూపే హేతువులలో కొల్చారం పండితుని ఈ మౌనం కూడ ఒకటి.