గడ్డి బండీ, ఉన్ని మిల్లూ

మొన్న శనివారం మా రైడింగ్ మోవర్‌కి ఈ ఏటి చివరి స్నానం చేయించాను. తాళంచెవి తీసేసి, స్పార్క్ ప్లగ్ వైరు పీకి, డెక్ కింద అట్టలు కట్టిన గడ్డిని గంటసేపు గీకాను. (వైరు పీకకుండా చెయ్యి మాత్రం కింద పెట్టకండి, కీబోర్డుకి పది వేళ్ళూ కావాలి కదా!) తడిగడ్డి అలాగే ఉంటే రేకు తుప్పు పడుతుంది, గాలి ఆడక కోత కూడా ఎగుడుదిగుడుగా వస్తుంది. ఆకురాయితో బ్లేడు పదును పెడుతూంటే, అసలు ఈ యంత్రం ఎవరి బుర్రలోంచి వచ్చిందా అనిపించింది.

వచ్చింది ఉన్ని మిల్లులోంచి! ఇంగ్లండులో స్ట్రౌడ్ అనే ఊరు, బ్రిటిష్ సైనికుల ఎర్రకోట్ల బట్టకి పేరు. నేసిన ఉన్ని మీద లేచిన నూగుని సమంగా కత్తిరించడానికి అక్కడి మిల్లుల్లో తిరిగే బ్లేడ్ల యంత్రాలుండేవి. వాటిని చూసిన ఎడ్విన్ బడ్డింగ్ అనే మెకానిక్కుకి, నూగుని కోసేది గడ్డిని ఎందుకు కొయ్యదు అని తట్టింది. 1830లో పేటెంట్ తీసుకున్నాడు. పెద్దమనుషులకి ఇది సరదా, వ్యాయామం కూడా అని అందులో రాసుకున్నాడు. అంతవరకూ పచ్చిక కోసింది మంచు ఆరకముందే కొడవళ్ళతో దిగే కూలీలు. వాళ్ళకది సరదా కాదు లెండి.

తర్వాత గుర్రాలు లాగే మోవర్లు వచ్చాయి. పచ్చిక మీద గిట్టల గుర్తులు పడకుండా గుర్రాలకి తోలు బూట్లు తొడిగేవారు! 1902లో రాన్సమ్స్ కంపెనీ పెట్రోలు మోవర్ అమ్మకానికి పెట్టింది. తమాషా ఏంటంటే, బడ్డింగ్ యంత్రం కత్తెరలా కోస్తే, నా బండిలో బ్లేడు వేగంతో నరుకుతుంది. అంటే తిరిగి తిరిగి పాత కొడవలి దగ్గరికే వచ్చామన్నమాట.

ఈ కథకి ఇంకో వైపు ఉంది. యంత్రాలకి ముందు ఆ నూగుని పెద్ద పెద్ద కత్తెరలతో మనుషులే కత్తిరించేవారు. ఏళ్ళ తరబడి నేర్చుకున్న పనితనం, మంచి కూలీ. పని పోతోందని 1812లో యార్క్‌షైర్‌లో వాళ్ళు యంత్రాలు పగలగొట్టారు. లడ్డైట్లు అని మనం వెక్కిరింపుగా వాడేది వాళ్ళ పేరే. ఆ గొడవల్లో 1813 జనవరిలో యార్క్‌లో 17 మందిని ఉరితీశారు.

మోవర్ వల్ల మామూలు ఇళ్ళకీ పచ్చిక వచ్చింది, టెన్నిస్ కోర్టులొచ్చాయి, వాటిని చూసుకునే కొత్త ఉద్యోగాలొచ్చాయి. నిజమే. కానీ కత్తెర పట్టిన ఆ మనిషికి దాంట్లో ఏం దక్కింది?

మా ఆఫీసులో ఈ మధ్య ఎక్కడ చూసినా కోడ్ రాసే యంత్రాల కబుర్లే. "కొత్త ఉద్యోగాలు వస్తాయిలే" అని మొన్నటిదాకా నేనూ అందరితో అనేవాణ్ణి. వస్తాయి కూడా. కాకపోతే, అవి ఎవరికి వస్తాయో చెప్పకుండా ఆ మాట అనడం ఇక మానేద్దామనుకుంటున్నాను.