రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్: కారణాలు, రకాలు

కాళ్ళు కదిలించకుండా ఉండలేని తహతహ ప్రధాన లక్షణంగా గల ఈ నాడీ రుగ్మత విశ్రాంతి వేళ మొదలై, రాత్రికి ముదిరి, లేచి నాలుగడుగులు వేస్తే తగ్గి, మళ్ళీ నడుం వాల్చగానే తిరగబెడుతుంది. పిక్కల లోపల పురుగులు పాకుతున్నట్టు, నరాలు లాగుతున్నట్టు ఉంటుందని రోగులు చెబుతారు. ‘కాళ్ళు పీకుతున్నాయి’ అనే తెలుగు మాట ఒళ్ళలసటకూ దీనికీ సరిపోతుంది కనుక, నడిస్తే ఎలా ఉంటుందని అడిగితే గాని తేడా తెలియదు: అలసిన కాళ్ళకు పడక సుఖం, ఈ కాళ్ళకు బాధ మొదలయ్యేదే అక్కడ.

ఇంగ్లండు వైద్యుడు థామస్ విలిస్ 1672 నాటి తన లాటిన్ గ్రంథంలో, నిద్రకు ఉపక్రమించగానే కాళ్ళూ చేతులూ ఎగిరిపడుతూ చిత్రహింస పడే రోగులను వర్ణించాడు. అతడు వాడిన నల్లమందు జాతి ఔషధాలు మొండి కేసుల్లో నేటికీ పనికివస్తున్నాయి. 1861లో జర్మనీకి చెందిన థియోడోర్ విట్‌మాక్ దీన్ని హిస్టీరియాలో కలిపేశాడు. పైకి వాపూ గాయమూ కనిపించని జబ్బులకు ఇలాంటి గతి పట్టడం కొత్తేమీ కాదు. స్వీడన్ నాడీవైద్యుడు కార్ల్ ఆక్సెల్ ఎక్‌బొమ్ 1945లో ప్రస్తుత పేరుతో సమగ్ర గ్రంథం వెలువరించాకే దీనికి ప్రత్యేక వ్యాధిగా గుర్తింపు వచ్చింది.

కారణాన్ని బట్టి దీన్ని రెండు రకాలుగా చెబుతారు. ప్రాథమిక రకం తరచుగా వంశపారంపర్యంగా వచ్చి, 45 ఏళ్ళలోపే మొదలై, మెల్లగా ముదురుతుంది; 2007లో దీనితో సంబంధమున్న జన్యుభేదాలు కూడా బయటపడ్డాయి. ద్వితీయ రకం ఇనుము లోపం, గర్భం చివరి నెలలు, మూత్రపిండాల వైఫల్యం వంటి స్థితులను ఆశ్రయించి వస్తుంది; జలుబుకు వాడే కొన్ని అలర్జీ మాత్రలు, కొన్ని డిప్రెషన్ మందులు ఉన్న బాధను పెంచుతాయి. అయితే ఈ రెండు రకాల మధ్య గీత అంత గట్టిది కాదు. ఈ జబ్బుతో ముడిపడిన డోపమైన్ అనే రసాయన వార్తాహరి మెదడులో తయారు కావడానికి అవసరమైన ఎంజైము ఇనుము లేనిదే పనిచేయదు. రక్తంలో ఇనుము సరిపడా ఉన్నవారిలో సైతం మెదడులో అది తక్కువగా ఉండవచ్చని పరిశోధనల్లో తేలింది. అందువల్లనే ఇనుము నిల్వను తెలిపే ఫెరిటిన్ లీటరుకు 75 మైక్రోగ్రాములకు మించకపోతే, రక్తహీనత లేకపోయినా ఇనుము ఇవ్వడాన్ని వైద్యులు పరిశీలిస్తారు.

1982 తర్వాత డోపమైన్ సంబంధిత మందులు ప్రధాన చికిత్స అయ్యాయి గాని, ఏళ్ళ తరబడి వాడితే రాత్రి వచ్చే బాధ మధ్యాహ్నానికే మొదలై, కొందరిలో చేతులకూ పాకడంతో వాటి ప్రాధాన్యం తగ్గింది. 1953లోనే స్వీడన్‌లో నార్డ్‌లాండర్ అనే వైద్యుడు ప్రయోగించిన పద్ధతి, అంటే ఇనుమును నరంలోకి ఎక్కించడం, ఇప్పుడు మళ్ళీ ముందువరుసకు వచ్చింది.