కోథీమోరా: కొలిమిలో పుట్టిన గౌరవము

దసరా నాడు ఆయుధములను పూజించుట తెలుగువారికి క్రొత్త గాదు. నేపాల దేశమున ఆ పండుగను దశైన్ అందురు. ఆ దినములలో అచట పూజలందుకొను ఆయుధములలో ముఖ్యమైనది కుక్రీ. ముందునకు వంగిన అలుగు గల యీ కత్తి గూర్ఖా సైనికునకు చిహ్నము.

1814 మొదలు 1816 వరకు నేపాలమునకును ఈస్టిండియా కంపెనీకిని యుద్ధము జరిగెను. శత్రువుల శౌర్యమును కన్నులార చూచిన ఆంగ్లేయులు 1815లోనే గూర్ఖాలను తమ కొలువున చేర్చుకొనసాగిరి. రెండు ప్రపంచ యుద్ధములందును గూర్ఖా దళములు దూరదేశములలో పోరాడెను. 1947లో పది గూర్ఖా రెజిమెంట్లలో ఆరు భారతసేనకును, నాలుగు బ్రిటిషుసేనకును చెందెను.

ఈ దళములలో పనిచేసి సెలవు తీసికొను అధికారికి వెండి తొడుగుల ఒర గల కుక్రీని బహూకరించుట సంప్రదాయమైనది. దానిపేరు కోథీమోరా. నల్లని తోలు ఒరకు నగిషీ చెక్కిన వెండి రేకులను తొడిగి, నడుమ దళము చిహ్నమును అమర్చుదురు.

ఒర యెంత అందమైనదైనను కత్తికి ప్రాణము పోయునది కొలిమియే. పాత లారీల కమానుపట్టీల ఉక్కును కాల్చి, సమ్మెటతో సాగగొట్టి, కమ్మరి అలుగును దిద్దును. పిమ్మట ఎర్రగా కాగిన అంచుపై పాత్రతో నీటిని సన్నధారగా పోయును. దానిచే అంచు గట్టిపడును. వెన్ను కొంత మెత్తగనే యుండుటచే కత్తి దెబ్బకు విరుగదు. ఒరలోనే రెండు చిన్న పరికరములు ఇముడును. అందు కర్దా చిన్నపనులకు. చక్‌మక్ అంచును సరిచేయుటకును, చెకుముకిరాతినుండి నిప్పు రాల్చుటకును.

ఒర వెడలిన కుక్రీ రక్తము చూడక మరలదని లోకమున నొక ప్రవాదము కలదు. అది కల్ల. నేపాల గ్రామములందు కట్టెలు కొట్టుటకును, మాంసము కోయుటకును నిత్యము వాడునది ఆ కత్తియే.

ఇట్టి కత్తిని చేయు కమ్మరులను అచట కామీలందురు. 1854 నాటి ముల్కీ ఐన్ అను శాసనము వారిని అంటరానివారిలో చేర్చెను. వారి చేతికత్తికి పూజ. వారికి మాత్రము గడప వెలుపలి చోటు! 1963లో వచ్చిన క్రొత్త ముల్కీ ఐన్ ఆ కులభేదమును చట్టమునుండి తొలగించెను. 2011లో అంటరానితనమును శిక్షార్హమైన నేరముగా మరియొక చట్టము నిర్ణయించెను. అయినను చట్టము మారినంత వేగముగా మనసులు మారలేదు.

కోథీమోరాను చూచువారు సైనికుని సేవను స్మరింతురు. అది ఉచితమే. ఆ వెండి ఒరలో కమ్మరి చెమటయు దాగియున్నదని తలచిననాడే ఆ స్మరణ సంపూర్ణమగును.