ట్రంకు పెట్టెలోని ఊలు

ప్రత్యేక సంచికకు ఏదైనా చారిత్రక వ్యాసం రాయమని కార్యదర్శి గారు కోరారు. రాజుల చరిత్ర రాయగల పండితులు మన సంఘంలో చాలామంది ఉన్నారు. ముప్పై మూడేళ్లు గుమాస్తాగిరీ చేసిన నాకు తెలిసింది రిజిస్టర్ల చరిత్రే. అందుకని మా ఇంట్లోని ఒక ట్రంకు పెట్టె సంగతి రాస్తున్నాను. అందులో దేశ చరిత్ర కూడా కొంత ఉన్నదని నా నమ్మకం.

మా శ్రీమతి 2019లో కాలం చేసింది. మల్లాపూర్‌లోని మా ఇంట్లో ఆమె మంచం కింద ఆ పెట్టె అలాగే ఉండిపోయింది. నిండా ఊలు ఉండలు, అల్లిక సూదులు, క్రోషె సూదులు, ఎంబ్రాయిడరీ దారాలు, గుండీల డబ్బాలు. అన్నిటికీ పైన సగం అల్లిన చిన్న స్వెట్టరు. మనవడు పుట్టినప్పుడు మొదలుపెట్టింది, వేళ్ల నొప్పులు వచ్చి ఆపేసింది. ఆ మనవడికి ఇప్పుడు నూనూగు మీసాలు వచ్చాయి.

ఆఫీసులో నేను చాలాకాలం స్టోర్సు సెక్షన్ చూశాను. విరిగిన కుర్చీని తీసేయాలన్నా ఒక పద్ధతి ఉండేది. జాబితా రాయాలి, పనికిరాదని ధ్రువపత్రం కావాలి, అధికారి సంతకం కావాలి, ఆపైన వేలం. ఈ పెట్టెకు ఆ పద్ధతి కుదరలేదు. పనికిరాదని ఎవరు సంతకం పెట్టాలి? ఆరేళ్లు ఆ ఫైలును పెండింగులోనే ఉంచాను. పాత సామాన్లవాడు కిలో లెక్కన అడిగితే కసిరి పంపాను.

నిజానికి దారాన్ని వృథా చేయడం మన పెద్దల పద్ధతి కాదు. నా చిన్నతనంలో మా ఊళ్లో కురుమల ఇళ్లలో దక్కనీ గొర్రెల నల్లబొచ్చును కత్తిరించి, ఏకి, ఆడవాళ్లు వడికేవారు. ఆ నూలుకు చింతగింజల గంజి పట్టించి గుంటమగ్గం మీద గొంగడి నేసేవారు. ఆ గొంగడి చలికి దుప్పటి, వానకు గొడుగు, పొలంలో పరుపు. చిరిగిన పాత చీరలు బొంతలయ్యేవి. ఇంట్లో పుట్టిన పోగు ఇంట్లోనే అరిగిపోయేది.

స్వాతంత్ర్యోద్యమంలో నూలే చందా అయిన రోజులు కూడా ఉన్నాయి. 1924 డిసెంబరులో గాంధీజీ అధ్యక్షతన జరిగిన బెల్గాం కాంగ్రెసు, సభ్యుడైన ప్రతివాడూ నెలకు 2,000 గజాల చేతివడుకు నూలు ఇవ్వాలని నియమం పెట్టింది. తాను వడకలేనివాడు ఇంకొకరిచేత వడికించి ఇవ్వవచ్చు. నూలు రావడం ఒక ఎత్తు, దాన్ని సాలెల మగ్గానికి చేర్చి బట్టగా మార్చడం ఇంకొక ఎత్తు. పదిమంది పది రకాలుగా వడికిన పోగులు ఒక్క పడుగులో ఇమడవు కదా! ఆ నియమం ఎంతోకాలం నిలవలేదు. 1925 సెప్టెంబరులో పాట్నాలో దాన్ని సడలించి, నూలుకు బదులు నాలుగణాలు కట్టవచ్చన్నారు. ఖద్దరు పని చూసుకోవడానికి అఖిల భారత చరఖా సంఘాన్ని స్థాపించారు. ఇచ్చేవాడి మంచి మనసు ఒక్కటే చాలదు, ఇచ్చిన వస్తువు ఏ చేతికి చేరాలో కూడా చూడాలి అన్న పాఠం నాకు అందులో కనిపిస్తుంది.

1962లో చైనా యుద్ధం వచ్చినప్పుడు నాకు పన్నెండేళ్లు. హిమాలయాల్లో జవాన్లు చలికి బాధపడుతున్నారని దేశమంతా ఆడవాళ్లు స్వెట్టర్లు, మఫ్లర్లు అల్లారు. మా బడిలో ఆడపిల్లలు అల్లుతుంటే, మగపిల్లలం రెండు చేతులూ చాచి ఊలు చిలపలు పట్టుకుని నిలబడేవాళ్లం, పంతులమ్మ ఉండ చుట్టేది. నా చేతుల మీదుగా పోయిన ఆ ఆకుపచ్చ ఊలు ఏ జవాను మెడకు చేరిందో అనుకుంటే ఇప్పటికీ ఛాతీ ఉబ్బుతుంది.

కాలం మారింది. మాంసం కోసం ఊలు లేని నెల్లూరు జాతి గొర్రెలు పెరిగి, నల్లగొర్రెలు తగ్గాయి. గొంగడి అడిగేవారు లేక, కత్తిరించిన బొచ్చుకు కొనేవారే కరువయ్యారు. మరోవైపు ఉత్తరాన పానిపట్టులో విదేశాల నుంచి వచ్చిన పాత ఊలు బట్టలను చీల్చి, మళ్లీ నూలు తీసి కంబళ్లు నేయడం పెద్ద పరిశ్రమ అయింది. 2016 జనవరిలో చెన్నైలో మహిళలు తలా కొన్ని ముక్కలు క్రోషెతో అల్లి, అన్నీ కలిపి 11,148.5 చదరపు మీటర్ల దుప్పటి చేసి గిన్నిసు రికార్డు సాధించారు. నాకు నచ్చింది రికార్డు కాదు, ఆ తర్వాత వాటిని దుప్పట్లుగా విడదీసి పేదలకు పంచడం.

ఆ వార్త గుర్తుకు వచ్చి, పోయిన దసరా సెలవుల్లో పెట్టె తెరిచాను. వేపాకు వేసి ఉంచింది గనుక పురుగు పెద్దగా పట్టలేదు. జాబితా రాశాను. చీటీ లేని ఉండల నుంచి చిన్న పోగు తీసి కాల్చి చూశాను. అసలు ఊలైతే కాలిన వెంట్రుక వాసన వచ్చి బూడిద అవుతుంది, యాక్రిలిక్ అయితే కరిగి గట్టి పూసలా ముడుచుకుంటుంది. ఎంబ్రాయిడరీ దారాలు, గుండీలు మా వీధిలో కుట్టుపని నేర్చుకునే ఆడపిల్లలకు ఇచ్చాను. రంగురంగుల తునకలు అంగన్‌వాడీ పిల్లల ఆటబొమ్మలకు పోయాయి.

మిగిలింది అసలైన ఊలు. మా మల్లాపూర్ పారిశ్రామికవాడలో పనిచేసే కుటుంబాలు బీహారు, ఒడిశాల నుంచి వచ్చి చుట్టుపక్కల గదుల్లో అద్దెకు ఉంటున్నాయి. మా వెనకింట్లో ఉండే బీహారు అమ్మాయికి అల్లిక వచ్చునని మా కోడలు చెప్పింది. పిలిచి పెట్టె చూపించాను. ఆమె ఉండల జోలికి పోలేదు. సగం స్వెట్టరును వెలుతురుకు పట్టి, కుట్లు లెక్కపెట్టి, "దాదాజీ, ఇది ఎవరు అల్లారు? చెయ్యి చాలా సమంగా ఉంది" అంది. నాకు వెంటనే మాట రాలేదు.

పదిహేను రోజుల్లో అది పూర్తయింది. ఆమె కొడుకు దాన్ని వేసుకుని మా గేటు దగ్గరకు వచ్చాడు. ఎక్కడ మా ఆవిడ ఆపిందో, ఎక్కడ ఆ అమ్మాయి అందుకుందో నేను వెతికాను. కళ్లజోడు పెట్టుకుని చూసినా కనిపించలేదు.

పెట్టె ఖాళీ అయింది. ఒక జత సూదులు మాత్రం నా బీరువాలో ఉంచుకున్నాను, వాటిని జాబితాలో చేర్చలేదు. స్టోర్సు గుమాస్తాగా నేను చేసిన తప్పుడు లెక్క ఇదొక్కటే.

సోదరులారా, మీ ఇళ్లలోనూ ఇలాంటి పెట్టెలు ఉంటాయి. నాలాగా ఆరేళ్లు ఆగకండి. ఏది ఎవరికి పనికొస్తుందో మనమే కనుక్కుని, మన చేతులు ఆడుతుండగానే మన చేత్తోనే ఇద్దాం.