నూనె మరక, సున్నపురాయి

మన ఇళ్ళల్లో నేల చరిత్ర రాయాలనుకుంటే ఒలికిన నూనె దగ్గర మొదలుపెట్టొచ్చు. నేల మారినప్పుడల్లా జిడ్డు వదిలించే పద్ధతి కూడా మారుతూ వచ్చింది.

మట్టి నేలల రోజుల్లో తుడవడమనే ప్రశ్నే లేదు. నూనెని నేల పీల్చేసుకునేది. జిడ్డు పట్టినమేర గీకేసి, కొత్త మట్టి మెత్తి, పేడతో అలికేసేవాళ్ళు. మరక పోగొట్టడం కాదది, నేలనే మళ్ళీ చేసుకోవడం.

తర్వాత బండలొచ్చాయి: కడప, బేతంచెర్ల, తాండూరు. ఇవన్నీ సున్నపురాళ్ళే. మరక పడ్డప్పుడల్లా బండ పెకలించలేం కదా, నూనెని పైకి లాగే ఉపాయం కావాలి. అది వంటింట్లోనే దొరికింది: పొయ్యిలో బూడిద, డబ్బాలో పిండి. ముందు నీళ్ళు పోస్తే నూనె ఇంకా పరుచుకుంటుంది. పొడి చల్లి, పీల్చుకోనిచ్చి, రుద్దకుండా ఎత్తేయాలి. ఈ కిటుకు మనొక్కరిదే కాదు. రోమన్లు ఉన్ని బట్టల జిడ్డు వదిలించడానికి బంకమన్ను వాడేవాళ్ళు. క్రీ.శ. 1వ శతాబ్దంలోనే ప్లినీ తన 'నేచురల్ హిస్టరీ'లో అలాంటి మన్నుల గురించి రాశాడు.

ఇప్పుడు మాత్రం ఏ నేలకైనా ఒకటే మందు: బాత్రూమ్ యాసిడ్. అది లేకపోతే నిమ్మకాయో వెనిగరో. తమాషా ఏంటంటే, యాసిడ్‌కి నూనె కరగదు. కరిగేది రాయి. సున్నపురాయి అంటే ప్రధానంగా కాల్షియం కార్బోనేట్. యాసిడ్ తగలగానే బుసబుసమని వచ్చే నురగ మురికి వదులుతున్న గుర్తు కాదు, రాయి కార్బన్ డయాక్సైడ్‌గా ఎగిరిపోతున్న గుర్తు. పాలరాయికీ ఇదే గతి. గ్రానైట్ వేరే జాతి, కొంత తట్టుకుంటుంది.

అమరావతి స్తూపం శిల్పాలు చెక్కింది కూడా సున్నపురాయి మీదే. ఆ రాతిని మ్యూజియంలో అద్దం వెనక పెట్టి చూసుకుంటాం. దాని చుట్టాన్ని మాత్రం ఇంట్లో యాసిడ్‌తో కడుగుతాం.

పొడి ఎత్తేశాక మిగిలిన జిడ్డుకి గోరువెచ్చని నీళ్ళలో నాలుగు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ చాలు. పాత మరకైతే సుద్దపొడిని అదే నీళ్ళతో ముద్దలా కలిపి, మందంగా పట్టించి, పైన ప్లాస్టిక్ కవరు కప్పి ఒక రోజు వదిలేయాలి. తర్వాత కవరు తీసి, ముద్ద ఎండాక ఎత్తేయాలి. ఒకసారికి పోకపోతే మళ్ళీ పెట్టాలి. ఓపిక పడితే నూనె మరక చాలావరకు పోతుంది. యాసిడ్ తిన్న మచ్చ పోవాలంటే మాత్రం బండని మళ్ళీ పాలిష్ పట్టించాల్సిందే.