హోమ్ మీడియా సర్వర్: ఇంట్లోనే సొంత ఓటీటీ.. తక్కువ ఖర్చులో ఏ కంప్యూటర్ కొనాలి? ముందు ఈ లెక్కలు చూసుకోండి!

పెళ్లి వీడియో ఒక హార్డ్‌డిస్క్‌లో.. పిల్లల పుట్టినరోజు క్లిప్పులు ఇంకో పెన్‌డ్రైవ్‌లో.. డబ్బులు పెట్టి కొన్న సినిమా డీవీడీలు అటకమీద. చాలా ఇళ్లలో ఇదే పరిస్థితి. వీటన్నింటినీ ఒకేచోట పెట్టి హాల్లో టీవీలో, చేతిలోని ఫోన్‌లో, వేరే దేశంలో ఉన్న పిల్లల ల్యాప్‌టాప్‌లో కూడా చూసుకునేలా చేసేదే హోమ్ మీడియా సర్వర్. జెల్లీఫిన్, ప్లెక్స్, ఎంబీ లాంటి సాఫ్ట్‌వేర్లు ఈ పని చేస్తాయి. సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేయడం పెద్ద కష్టమేం కాదు. చిక్కంతా హార్డ్‌వేర్ దగ్గరే. తప్పు మెషిన్ కొంటే పెట్టిన డబ్బులు పోవడంతో పాటు ఏడాది పొడవునా కరెంటు బిల్లు మోత మోగుతుంది. పైగా వీడియో మాత్రం గిర్రున తిరుగుతూనే ఉంటుంది. అందుకే కొనేముందు తెలుసుకోవాల్సిన విషయాలు ఇవీ..

అసలు ట్రాన్స్‌కోడింగ్ అంటే ఏంటి?

ప్రతి వీడియో ఏదో ఒక ఫార్మాట్‌లో కుదించి ఉంటుంది. 2003లో వచ్చిన హెచ్.264 దాదాపు అన్ని టీవీలు, ఫోన్లలో ప్లే అవుతుంది. 2013లో వచ్చిన హెచ్.265 అదే క్వాలిటీని తక్కువ సైజులో ఇస్తుంది. దీన్నే హెచ్‌ఈవీసీ అని కూడా అంటారు. ఇప్పటి ఫోన్లు చాలావరకు ఇందులోనే రికార్డ్ చేయగలవు. 2018లో ఏవీ1 వచ్చింది. సమస్య ఎక్కడంటే.. కొత్త ఫార్మాట్‌లో తీసిన వీడియోను పాత టీవీ అర్థం చేసుకోలేదు. అప్పుడు సర్వర్ ఆ వీడియోను అప్పటికప్పుడు విప్పి, టీవీకి తెలిసిన ఫార్మాట్‌లోకి మార్చి పంపాలి. ఇదే ట్రాన్స్‌కోడింగ్. సర్వర్ చేసే పనుల్లో అతి బరువైనది ఇదే.

ముందు అడగాల్సిన ప్రశ్న.. ఇది మీకు అవసరమా?

టీవీ, ఫోన్ ఆ ఫైల్‌ను నేరుగా ప్లే చేయగలిగితే సర్వర్ ఫైల్‌ను అందిస్తుంది, అంతే. దీన్ని డైరెక్ట్ ప్లే అంటారు. ఇందుకు పదేళ్ల నాటి కంప్యూటర్ కూడా సరిపోతుంది. ట్రాన్స్‌కోడింగ్ అవసరం ముఖ్యంగా నాలుగు సందర్భాల్లో వస్తుంది.

* టీవీ లేదా ఫోన్‌కు ఆ వీడియో ఫార్మాట్ తెలియనప్పుడు
* ఇంటర్నెట్ స్పీడ్ చాలక వీడియో సైజు తగ్గించాల్సి వచ్చినప్పుడు
* హెచ్‌డీఆర్ వీడియోను మామూలు టీవీలో చూడాల్సి వచ్చినప్పుడు. మార్చకుండా పంపితే రంగులు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి
* డీవీడీ, బ్లూరేల్లోని బొమ్మ రూపంలో ఉండే సబ్‌టైటిల్స్‌ను వీడియోపై అతికించాల్సి వచ్చినప్పుడు

ఆడియో ఒక్కటే మార్చాల్సి వస్తే భయం లేదు. డీటీఎస్ ఆడియోను చాలా టీవీలు సపోర్ట్ చేయవు కానీ, దాన్ని మార్చడం ప్రాసెసర్‌కు చిన్న పనే.

ఇంట్లో ఉన్నది ఒకటే పాత టీవీ అయితే సర్వర్ మీద ఖర్చు పెట్టే బదులు, ఆ టీవీకి హెచ్.265 సపోర్ట్ చేసే 4కే స్ట్రీమింగ్ స్టిక్ పెట్టుకోవడం చవక. అలాగే రోజూ చూసే వీడియోలను హ్యాండ్‌బ్రేక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో రాత్రిపూట ఒకసారి హెచ్.264లోకి మార్చి పెట్టుకుంటే, ప్రతిసారీ ట్రాన్స్‌కోడింగ్ చేయాల్సిన పనే ఉండదు. ఒరిజినల్ ఫైల్‌ను మాత్రం డిలీట్ చేయొద్దు.

ప్రాసెసర్ స్పీడ్ కాదు.. లోపలి వీడియో ఇంజినే ముఖ్యం

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. ఐ7 అంటే పెద్దది, కాబట్టి బాగా పనిచేస్తుంది అనుకుంటారు. ప్లెక్స్ సంస్థ సూచన ప్రకారం గ్రాఫిక్స్ సాయం లేకుండా ప్రాసెసర్ ఒక్కటే ఒక 1080పీ వీడియోను మార్చాలంటే పాస్‌మార్క్ స్కోరు సుమారు 2,000 ఉండాలి. అదే 4కే హెచ్‌డీఆర్ వీడియోకు 17,000 దాకా కావాలి. అంత స్కోరున్న ప్రాసెసర్ కొనాలంటే బడ్జెట్ చేయి దాటిపోతుంది.

దీనికి అడ్డదారి ఉంది. ఇంటెల్ ప్రాసెసర్లలోని గ్రాఫిక్స్‌లో క్విక్ సింక్ అనే ప్రత్యేక వీడియో ఇంజిన్ ఉంటుంది. 2011లో రెండో జనరేషన్‌తో ఇది మొదలైంది. వీడియో మార్చడం కోసమే తయారుచేసిన భాగం కాబట్టి తక్కువ కరెంటుతో, ప్రాసెసర్ మీద భారం పడకుండా పని పూర్తవుతుంది. ఒకే జనరేషన్‌లో ఐ3 అయినా ఐ7 అయినా ఈ ఇంజిన్ దాదాపు ఒకేలా ఉంటుంది. అంటే చూడాల్సింది ఐ3నా, ఐ7నా అని కాదు.. ఎన్నో జనరేషన్ అని.

* 6వ జనరేషన్: హెచ్.265 సపోర్ట్ ఉంది కానీ 8 బిట్ వరకే. 4కే హెచ్‌డీఆర్ వీడియోలు 10 బిట్‌లో ఉంటాయి కాబట్టి ఇది చాలదు
* 7వ జనరేషన్: 10 బిట్ హెచ్.265 వచ్చింది. చాలా ఇళ్లకు ఇదే కనీస అర్హత అనుకోవచ్చు
* 8వ జనరేషన్: వీడియో ఇంజిన్‌లో పెద్ద తేడా లేదు. అయితే కోర్లు పెరిగాయి, విండోస్ 11 అధికారికంగా నడుస్తుంది
* 11వ జనరేషన్: ఏవీ1 వీడియోలను కూడా విప్పగలదు

ఆప్షన్ 1: ఇంట్లో మూలన పడ్డ ల్యాప్‌టాప్

7వ జనరేషన్ లేదా ఆ తర్వాతి ఇంటెల్ ల్యాప్‌టాప్ ఉంటే కొత్తగా ఏమీ కొనక్కర్లేదు. స్క్రీన్ పగిలినా, కీబోర్డు పోయినా పర్వాలేదు. కరెంటు తక్కువ తింటుంది. బ్యాటరీ బాగుంటే కరెంటు పోయినప్పుడు అదే యూపీఎస్‌లా ఆదుకుంటుంది. మూత వేసినా ఆగిపోకుండా సెట్టింగ్ మార్చుకుంటే సరి. ఒక్క జాగ్రత్త తప్పనిసరి.. బ్యాటరీ ఉబ్బినట్టు కనిపిస్తే వెంటనే తీయించేయాలి. 24 గంటలూ ఛార్జింగ్‌లో ఉండే పాత బ్యాటరీతో ప్రమాదం.

ఆప్షన్ 2: ఆఫీసుల నుంచి వచ్చే సెకండ్ హ్యాండ్ మినీ పీసీ

పెట్టిన రూపాయికి ఎక్కువ పని చేసేది ఇదే. డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ మినీ, లెనోవో థింక్‌సెంటర్ టైనీ.. కంపెనీలు వాడి వదిలేసిన ఈ చిన్న పెట్టెలు రీఫర్బిష్డ్ మార్కెట్లోకి వస్తుంటాయి. హైదరాబాద్ వాసులకైతే సీటీసీగా పిలిచే సికింద్రాబాద్‌ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ తెలిసిందే. ప్రాసెసర్ నంబర్ చివర టీ అక్షరం ఉంటే, ఉదాహరణకు ఐ5-8500టీ, అది తక్కువ కరెంటు వాడే రకం.

ఇంకో కిటుకు కూడా ఉంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14న సపోర్ట్ ఆపేసింది. 7వ జనరేషన్ మెషిన్లలో దాదాపు వేటికీ విండోస్ 11 అధికారికంగా రాదు. అందుకే ఆఫీసులకు అవి పనికిరాని సరుకు అయ్యాయి. ఉబుంటు, డెబియన్ లాంటి ఉచిత లైనక్స్ వేసుకునేవాళ్లకు మాత్రం అవి నిక్షేపంగా పనికొస్తాయి. బేరం ఆడే అవకాశం కూడా వీటి దగ్గరే ఎక్కువ.

ఆప్షన్ 3: కొత్తదే కావాలంటే ఎన్100

సెకండ్ హ్యాండ్ అంటే నమ్మకం లేనివాళ్లకు ఇంటెల్ ఎన్100 మినీ పీసీ మంచి ఎంపిక. 2023 జనవరిలో వచ్చిన ఈ ప్రాసెసర్‌లో నాలుగు కోర్లు, 6 వాట్ల టీడీపీ. ప్రాసెసర్ స్కోరు చూస్తే 4కే హెచ్‌డీఆర్‌కు ఏమాత్రం చాలదు. కానీ క్విక్ సింక్ ఉండటం వల్ల ఒక కుటుంబానికి సరిపడా వీడియోలను తేలిగ్గా మారుస్తుంది. ఏవీ1ను విప్పగలదు, కానీ ఏవీ1లోకి మార్చలేదు. ఇందులో ర్యామ్ సింగిల్ ఛానెలే. కొన్ని మోడళ్లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది. తర్వాత పెంచుకోవడం కుదరదు కాబట్టి ముందే అడిగి తెలుసుకోవాలి.

ఆప్షన్ 4: పాత డెస్క్‌టాప్‌కు గ్రాఫిక్స్ కార్డు

ఇంట్లో మంచి డెస్క్‌టాప్ ఉండి, అందులో వీడియో ఇంజిన్ లేకపోతేనే ఈ దారి. ఎన్విడియా జీటీఎక్స్ 1650, ఇంటెల్ ఆర్క్ ఏ310, ఏ380 లాంటివి ఈ పనికి చాలు. 2022లో వచ్చిన ఆర్క్ కార్డులు ఏవీ1లోకి కూడా మార్చగలవు. అయితే వాటికి మదర్‌బోర్డులో రీసైజబుల్ బార్ సదుపాయం ఉంటే మంచిది. చాలా పాత బోర్డుల్లో అది ఉండదు. ఏఎండీ రైజెన్‌లో పేరు చివర జీ ఉన్నవాటిలో గ్రాఫిక్స్ ఉంటుంది, ట్రాన్స్‌కోడింగ్ కూడా జరుగుతుంది. కాకపోతే హెచ్.264లోకి మార్చినప్పుడు వచ్చే క్వాలిటీ ఇంటెల్, ఎన్విడియాల కంటే కాస్త వెనకే.

ట్రాన్స్‌కోడింగ్ కోసమైతే వీటి జోలికి వెళ్లొద్దు

* ఎఫ్ అక్షరంతో ముగిసే ఇంటెల్ ప్రాసెసర్లు: ఐ5-12400ఎఫ్ లాంటివి కాస్త చవకగా దొరుకుతాయి. కానీ వాటిలో గ్రాఫిక్స్ ఉండదు. గ్రాఫిక్స్ లేకపోతే క్విక్ సింక్ కూడా లేనట్టే
* రాస్ప్‌బెర్రీ పై 5: ఫైళ్లు పంచడానికి బాగుంటుంది. కానీ ఇందులో హార్డ్‌వేర్ వీడియో ఎన్‌కోడర్ లేదు. పాత పై 4లో ఉన్న హెచ్.264 ఎన్‌కోడర్‌ను కూడా తీసేశారు
* జీటీ 1030 గ్రాఫిక్స్ కార్డు: వీడియోను విప్పగలదు, తిరిగి కుదించలేదు. ఎన్విడియా ఎన్‌కోడర్ ఇందులో లేదు
* గ్రాఫిక్స్ లేని నాస్ పెట్టెలు: సైనాలజీ డీఎస్923 ప్లస్‌లోని రైజెన్ ఆర్1600లో గ్రాఫిక్స్ లేదు. స్టోరేజ్‌కు పర్వాలేదు కానీ ట్రాన్స్‌కోడింగ్‌కు కాదు

కరెంటు బిల్లు లెక్క ఇదీ

సర్వర్ 24 గంటలూ ఆన్‌లోనే ఉంటుంది. కాబట్టి కొన్న ధర ఒక్కటే చూస్తే లెక్క తప్పుతుంది. సగటున 10 వాట్లు వాడే మినీ పీసీ ఏడాదికి దాదాపు 88 యూనిట్లు ఖర్చు చేస్తుంది. 60 వాట్లు వాడే పాత డెస్క్‌టాప్‌కు దాదాపు 526 యూనిట్లు అవుతాయి. యూనిట్‌కు 6 రూపాయలు అనుకుంటే మొదటిదానికి ఏడాదికి సుమారు 525 రూపాయలు, రెండోదానికి 3,150 రూపాయలు. మూడేళ్లకు తేడా 7,800 రూపాయలు దాటుతుంది. పైగా మన దగ్గర బిల్లు స్లాబుల్లో వస్తుంది. నెలకు అదనంగా 43 యూనిట్లు పడితే పై స్లాబులోకి వెళ్లే ఛాన్స్ కూడా ఉంది. ఉచితంగా వచ్చిన పాత డెస్క్‌టాప్ ఒక్కోసారి డబ్బు పెట్టి కొన్న మినీ పీసీ కంటే ఖరీదైపోయేది అందుకే.

ర్యామ్, స్టోరేజ్ సంగతేంటి?

8 జీబీ ర్యామ్ చాలు. ఆపరేటింగ్ సిస్టమ్, ట్రాన్స్‌కోడింగ్ తాత్కాలిక ఫైళ్ల కోసం చిన్న ఎస్‌ఎస్‌డీ ఉంటే సరిపోతుంది. వీడియోలకు మామూలు హార్డ్‌డిస్క్ చాలు. మినీ పీసీల్లో 3.5 అంగుళాల డిస్క్ పట్టదు కాబట్టి సొంత అడాప్టర్ ఉన్న ఎక్స్‌టర్నల్ డిస్క్ పెట్టుకోవాలి. కుటుంబ వీడియోలు మళ్లీ తీయలేం. సర్వర్‌లో ఒక కాపీ ఉందని నిశ్చింతగా ఉండొద్దు.. వేరే డిస్క్‌లో, వీలైతే వేరే ఇంట్లో ఇంకో కాపీ ఉండాల్సిందే. కరెంటు కోతలున్న చోట చిన్న యూపీఎస్ కూడా అవసరం.

సాఫ్ట్‌వేర్‌కు డబ్బులు కట్టాలా?

జెల్లీఫిన్ పూర్తిగా ఉచితం. హార్డ్‌వేర్ ట్రాన్స్‌కోడింగ్‌కు కూడా పైసా కట్టక్కర్లేదు. ప్లెక్స్‌లో ఈ సదుపాయానికి ప్లెక్స్ పాస్, ఎంబీలో ప్రీమియర్ తీసుకోవాలి. 2025 ఏప్రిల్ నుంచి ప్లెక్స్‌లో సొంత వీడియోలను ఇంటి బయటి నుంచి చూడటం కూడా పెయిడ్ ఫీచర్ అయింది. హార్డ్‌వేర్ బడ్జెట్ వేసుకునేటప్పుడు ఈ ఖర్చు కూడా కలుపుకోవాలి.

విదేశాల్లో ఉన్నవాళ్లు చూడాలంటే..

ఇక్కడ అడ్డంకి కంప్యూటర్ కాదు, ఇంటి ఇంటర్నెట్ అప్‌లోడ్ స్పీడ్. 8 ఎంబీపీఎస్ చొప్పున ముగ్గురు చూస్తే 24 ఎంబీపీఎస్ అప్‌లోడ్ కావాలి. చాలా కనెక్షన్లలో సొంత పబ్లిక్ ఐపీ అడ్రస్ ఇవ్వరు. అలాంటప్పుడు టెయిల్‌స్కేల్ లాంటి ప్రైవేట్ నెట్‌వర్క్ యాప్ వాడుకోవచ్చు. ఎవరి వీడియోలు వాళ్లు చూసుకోవడం వరకు ఓకే. పైరసీ సినిమాలు పెట్టి నలుగురికీ పంచితే అది కాపీరైట్ చట్టం కింద నేరమే.

షాపులో డబ్బులిచ్చే ముందు చెక్‌లిస్ట్

* ప్రాసెసర్ పూర్తి నంబర్ స్క్రీన్ మీద చూడండి. స్టిక్కర్‌ను నమ్మొద్దు
* బయాస్‌కు పాస్‌వర్డ్ లేదని నిర్ధారించుకోండి
* ఎస్‌ఎస్‌డీ హెల్త్ రిపోర్ట్ చూపించమనండి
* ఒరిజినల్ పవర్ అడాప్టర్ ఇస్తున్నారా, వారంటీ ఎన్ని నెలలో బిల్లు మీద రాయించుకోండి
* ఇంట్లో ప్లే కాని వీడియో ఒకటి పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి అక్కడే ప్లే చేయండి. విండోస్ టాస్క్ మేనేజర్‌లోని జీపీయూ విభాగంలో వీడియో డీకోడ్ గ్రాఫ్ కదిలితే హార్డ్‌వేర్ పనిచేస్తున్నట్టు. అది కదలకుండా సీపీయూ ఒక్కటే 100 శాతానికి చేరితే ఆ మెషిన్‌ను పక్కన పెట్టేయడమే మంచిది