నానమ్మ నేరం, అక్క లెక్క

1973 మొదట్లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, ఈస్ట్ క్లీవ్‌లాండ్ అనే ఊళ్లో, ఒక నల్లజాతి నానమ్మకు నగరపాలక సంస్థ నుంచి నోటీసు వచ్చింది. మీ ఇంట్లో ఉండకూడని మనిషి ఒకరు ఉంటున్నారు, పంపించేయండి అని దాని సారాంశం. ఆ ఉండకూడని మనిషి ఆమె మనవడు. ఏడాది నిండకముందే తల్లి పోతే ఆ పసివాణ్ణి తెచ్చుకుని పెంచుతోంది. అదే ఇంట్లో ఆమె ఇంకో కొడుకూ, అతని బిడ్డా కూడా ఉంటున్నారు. కుటుంబం అంటే ఎవరెవరో ఆ ఊరి చట్టంలో రాసిపెట్టారు. ఒక కొడుకు, అతని పిల్లలు ఉంటే కుటుంబమే. ఇద్దరు కొడుకుల పిల్లలు ఒకే కప్పు కింద పెరిగితే మాత్రం కాదు. ఆ పిల్లలిద్దరూ తోడబుట్టినవాళ్లు కాదు కాబట్టి నానమ్మ చేసింది నేరం.

ఈ చట్టాన్ని తెలుగులో రాయాలంటే తల ప్రాణం తోకకొస్తుంది. అన్నదమ్ముల పిల్లలు మనకు అన్నదమ్ములే. ‘మా పెదనాన్నగారి అబ్బాయి’ అని పరాయివాళ్లకు విడమరిచి చెబుతామేమో గానీ పిలవడం మాత్రం అన్నయ్య అనే పిలుస్తాం. ఆ నానమ్మ కూడా మనలాగే ఆలోచించింది. మనవణ్ణి ఎక్కడికీ పంపనంది. కోర్టు ఆమెకు ఐదు రోజుల జైలు, 25 డాలర్ల జరిమానా వేసింది. ఆమె పోరాటం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ‘మూర్ వర్సెస్ సిటీ ఆఫ్ ఈస్ట్ క్లీవ్‌లాండ్’ కేసులో 1977 మే 31న తీర్పు ఆమె పక్షాన వచ్చింది. అదీ ఐదుగురు ఇటు, నలుగురు అటు. ఒక్క న్యాయమూర్తి అటు మొగ్గినా ఆ పిల్లాడు ఇల్లు వదలాల్సి వచ్చేది. తాత నానమ్మలు, పిన్నులు, బాబాయిలు కలిసి బతకడం కూడా ఈ దేశపు సంప్రదాయమేనని ప్రధాన అభిప్రాయం రాసిన జస్టిస్ పవెల్ ఒప్పుకున్నారు.

పెంచుకునే హక్కు దక్కింది. పెంచడానికి డబ్బెక్కడిది? చుట్టాల పిల్లల్ని చేరదీసినవాళ్లకు ప్రభుత్వం ఎంత ఇవ్వాలి, అసలు ఎందుకివ్వాలి అన్న ప్రశ్న చుట్టూ అమెరికాలో డెబ్బై ఏళ్లకు పైగా పెనుగులాట నడిచింది. ఆ చరిత్ర చదువుతుంటే ప్రతి మలుపులోనూ ఒకే వాదన ఎదురవుతుంది. ‘సొంతవాళ్లే కదా, ప్రేమ ఉంటుంది కదా, డబ్బెందుకు?’ రక్తసంబంధాన్ని రాయితీ కింద లెక్కగట్టి చెక్కులోంచి తీసేశారు. నన్ను ఈ విషయం మీదికి లాగింది ఆ కోతే.

మొదట్లో చట్టం చుట్టాలను మరిచిపోలేదు. 1935 ఆగస్టు 14న అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ సంతకం చేసిన సోషల్ సెక్యూరిటీ చట్టంలో దిక్కులేని పిల్లలకు సాయం చేసే అధ్యాయం ఒకటుంది. తల్లిదండ్రుల దగ్గరే కాదు, తాత అమ్మమ్మల దగ్గర, అన్నల దగ్గర, అక్కల దగ్గర, మేనమామల దగ్గర, అత్తల దగ్గర ఉన్న బిడ్డకూ అది వర్తిస్తుందని వరసలు పెట్టి మరీ రాశారు. కానీ లెక్క చూడండి. మొదటి బిడ్డకు నెలకు 18 డాలర్లు, తర్వాతి ఒక్కొక్కరికీ 12 డాలర్లు. కేంద్రం లెక్కలోకి తీసుకునే గరిష్ఠం అంతే, అందులోనూ కేంద్రం భరించేది మూడో వంతు. పెంచే మనిషి కడుపు మాట 1950 దాకా ఎవరికీ గుర్తు రాలేదు.

1960లో లూసియానా రాష్ట్రం వేలాది పిల్లలకు ఈ సాయం ఆపేసింది. తల్లుల నడవడి బాగాలేదట, అందుకని ఇల్లు పిల్లలకు తగదట. పెద్ద గొడవైంది. ఇల్లు బాగాలేదని బిడ్డ నోటికాడి కూడు తీయకండి, ఇంటినన్నా బాగుచేయండి, బిడ్డనన్నా మంచి చోట ఉంచండి అని కేంద్రం ఆదేశించింది. ఆ ‘మంచి చోటు’ ఖర్చు కోసం 1961 నుంచి పెంపుడు ఇళ్లకు, అంటే ఫోస్టర్ కేర్‌కు, కేంద్రం డబ్బివ్వడం మొదలైంది. అక్కడి నుంచి రెండు చెక్కులయ్యాయి. పేదరికపు సాయం చెక్కు చిన్నది, ఫోస్టర్ చెక్కు పెద్దది.

ఇలినాయ్‌లో ఒక అక్క ఈ రెండు చెక్కుల మధ్య నలిగిపోయింది. ఆమె తమ్ముళ్లు, చెల్లెళ్లు నలుగురు. 1969లో కోర్టు ఆ నలుగురినీ తల్లి దగ్గర్నుంచి తప్పించి రాష్ట్ర సంరక్షణలో పెట్టింది. ముక్కూ మొహం తెలియని వాళ్ల ఇళ్లలో మూడేళ్లు పెరిగారు. 1972లో రాష్ట్రమే ఇద్దరిని తెచ్చి అక్కా బావల దగ్గర పెట్టింది. ఇల్లు తనిఖీ చేసి, బాగుందని ఒప్పుకునే పెట్టింది. ఆ పిల్లలు పరాయి ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఒక్కొక్కరి మీద నెలకు 105 డాలర్లు వెళ్లేవి. అక్క ఇంటికి రాగానే 63 అయింది.

అవే పిల్లలు, అవే ఆకళ్లు, అవే బూట్ల సైజులు. తేడా అల్లా వండి పెట్టేది అక్క కావడమే. నెలకు 42 డాలర్లు, అక్కా తమ్ముళ్ల బంధానికి ప్రభుత్వం కట్టిన ఖరీదు. ఆ దంపతులు ఆస్తిపరులేం కాదు. ఆ డబ్బుతో పిల్లల్ని సరిగా చూసుకోలేమని రాష్ట్రానికి చెప్పారు. మిగతా ఇద్దరినీ తెచ్చుకోలేకపోయారు. నలుగురిలో ఇద్దరు అక్క దగ్గర, ఇద్దరు పరాయి పంచన. నలుగురికీ వండిపెట్టాలని ఉండీ ఇద్దరికి కుదరదని చెప్పాల్సి వచ్చిన ఆ అక్క మనసు ఎలా ఉండి ఉంటుందో కోర్టు రికార్డులో ఉండదు. అందులో 105, 63 అంకెలే ఉంటాయి.

‘మిల్లర్ వర్సెస్ యూకిమ్’ పేరుతో ఆ కేసు సుప్రీంకోర్టుకెళ్లింది. 1979 ఫిబ్రవరి 22న తీర్పు. రాసింది థర్గుడ్ మార్షల్, ఆ కోర్టులో కూర్చున్న తొలి నల్లజాతి న్యాయమూర్తి. తీర్పు ఏకగ్రీవం. పెంపుడు ఇల్లు అంటే పరాయి ఇల్లే అని చట్టసభ ఎక్కడా రాయలేదు, దెబ్బతిన్న బిడ్డకు కావలసిన ఆలనాపాలనా అక్క ఇంట్లోనైనా ఒకటే, పరాయి ఇంట్లోనైనా ఒకటే అని మార్షల్ తేల్చారు. చుట్టరికం సాకుతో ఫోస్టర్ డబ్బు ఎగ్గొట్టడం ఇకమీదట కుదరదు.

తర్వాత పదేళ్లలో ఆ తీర్పు విలువ తెలిసొచ్చింది. క్రాక్ కొకైన్ అనే మత్తు 1980లలో న్యూయార్క్, షికాగో లాంటి నగరాల్లో ఇళ్లకు ఇళ్లను కూల్చింది. కూతుళ్లు మత్తులో, అల్లుళ్లు జైల్లో, పిల్లలు అమ్మమ్మల గుమ్మాల్లో. ఇలినాయ్‌లో 1990ల మధ్యకు రాష్ట్ర సంరక్షణలో ఉన్న పిల్లల్లో సగానికి పైగా చుట్టాల ఇళ్లలోనే ఉన్నారు.

అయితే ఆ పెద్ద చెక్కు రావాలంటే బిడ్డ ప్రభుత్వం బిడ్డగానే మిగలాల్సి వచ్చేది. మనవడు స్నేహితుడింట్లో ఒక రాత్రి పడుకోవాలన్నా, రాష్ట్రం దాటి పెళ్లికి వెళ్లాలన్నా అమ్మమ్మ అనుమతి చాలేది కాదు, సోషల్ వర్కర్ ఒప్పుకోవాల్సి వచ్చేది. నెలనెలా తనిఖీ, ఏటా కోర్టు వాయిదాలు. ఈ తంతు వద్దు, నేనే చట్టప్రకారం గార్డియన్‌గా ఉంటాను అని అమ్మమ్మ అంటే చెక్కు ఆగిపోయేది. ఇంకో దారి దత్తత. 1980లో జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం దత్తత తీసుకున్నవాళ్లకు కేంద్రం నుంచి భత్యం ఏర్పాటు చేసింది. కానీ దత్తతకు ముందు కన్నతల్లి హక్కును కోర్టులో తెంచేయాలి.

తెలుగువాళ్లకు ఈ చిక్కు వెంటనే అర్థమవుతుంది. అమ్మమ్మ మనవణ్ణి దత్తత తీసుకుంటే ఆమె తల్లి అవుతుంది, కన్నతల్లి ఆ పిల్లాడికి అక్క అవుతుంది. వావివరసలు తలకిందులు. మత్తులో పడి ఉన్నా కూతురు కూతురే. రేపు కోలుకుని వస్తుందేమోనన్న ఆశ ఏ తల్లికీ చావదు. ఆ ఆశ మీద సంతకం పెట్టి కొట్టేయమంటే చాలామంది అమ్మమ్మలు కుదరదన్నారు. కుదరదన్నందుకు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు.

ఈ ముడి విప్పడానికి మధ్యేమార్గంగా వచ్చిందే గార్డియన్ భత్యం. బిడ్డ బాధ్యత, నిర్ణయాలు గార్డియన్‌వి. తల్లి తల్లిగానే ఉంటుంది, కావాలంటే వచ్చి చూసుకుంటుంది. నెలనెలా భత్యం ఆగదు. కేంద్రం ప్రత్యేక అనుమతితో ఇలినాయ్ 1997లో దీన్ని పరీక్షకు పెట్టింది. మార్క్ టెస్టా అనే పరిశోధకుడు ఈ పని వెనక ఉన్నారు. చీటీలు తీసినట్టు కుటుంబాలను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకే ఈ అవకాశం ఇచ్చి చూశారు. అవకాశం ఉన్న గుంపులో శాశ్వతమైన ఇల్లు దొరికిన పిల్లలు వందకు ఆరుగురి చొప్పున ఎక్కువ తేలారు. వినడానికి చిన్న అంకె. అంతకుముందు ఆ ఆరుగురూ రాష్ట్రం లెక్కల్లో ఎటూ తేలని పిల్లలు. కాలిఫోర్నియా 2000 జనవరి నుంచి ‘కిన్‌గ్యాప్’ పేరుతో తన సొంత పథకం మొదలుపెట్టింది.

2008 అక్టోబరు 7న జార్జ్ డబ్ల్యూ బుష్ సంతకంతో ఇది దేశమంతటి చట్టమైంది, తీసుకోవడం మాత్రం రాష్ట్రాల ఇష్టం. ఆ చట్టంలోని షరతులు చదువుతుంటే ఒక్కోదాని వెనక ఒక్కో ఇల్లు కనిపిస్తుంది. బిడ్డ కనీసం ఆరు నెలలు వరసగా ఆ చుట్టం ఇంట్లో ఫోస్టర్ బిడ్డగా పెరిగి ఉండాలి. తల్లి దగ్గరికి పంపడం, దత్తత రెండూ తగవని తేలాలి. పద్నాలుగేళ్లు నిండిన పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని అడగాలి. బిడ్డను ఇంట్లోంచి తీసుకొచ్చిన ముప్పై రోజుల్లోగా చుట్టాలకు కబురు పెట్టాలి. తోడబుట్టిన వాళ్లను కూడా అదే ఇంట్లో పెడితే వాళ్లకూ భత్యం ఇవ్వవచ్చు. ఈ చివరి మాట దగ్గర నాకు ఇలినాయ్ అక్క గుర్తొచ్చింది. ఆ మాట ముప్పై ఆరేళ్ల ముందే రాసి ఉంటే నలుగురూ ఒక చోట పెరిగేవాళ్లు.

ఇంకో లోటు 2014 దాకా ఉండిపోయింది. అమ్మమ్మలు పెద్దవాళ్లు, పోతారు. గార్డియన్ పోతే భత్యమూ పోయేది. నా తర్వాత ఫలానా వాళ్లు అని ముందే పేరు రాసిపెట్టే వీలు ఆ ఏడాది వచ్చింది.

అయినా ఈ చట్టం గొడుగు కింద చోటు కొందరికే. అర్ధరాత్రి తలుపు తట్టిన బిడ్డను ఏ ఆఫీసుకూ చెప్పకుండా లోపలికి తీసుకున్న పెద్దావిడకు ఇది వర్తించదు, ఆమె ఫోస్టర్ దారిలో రాలేదు కదా. ఆమెకు మిగిలేది పాత చిన్న చెక్కే. కెంటకీ రాష్ట్రం చుట్టాలకు బిడ్డకు నెలకు 300 డాలర్లు ఇచ్చే తన పథకాన్ని 2013లో కొత్తవాళ్లకు మూసేసింది. వరసకు మామ్మ అయ్యే ఒకావిడ కోర్టుకెక్కింది. చుట్టం ఇంటిని తనిఖీ చేసి బిడ్డను అప్పజెప్పిన రాష్ట్రం పరాయివాళ్లకిచ్చినట్టే ఆమెకూ ఇవ్వాలని 2017లో ఆరో సర్క్యూట్ అప్పీలు కోర్టు చెప్పింది. మార్షల్ తీర్పు వచ్చిన ముప్పై ఎనిమిదేళ్లకు మళ్లీ అదే పాఠం.

మన దగ్గర అమ్మమ్మగారింట్లో పెరగడం వింత కాదు. అసలు కన్నా వడ్డీ ముద్దు అంటూనే మనవల్ని పెంచుతారు. చట్టం మాత్రం చాలాకాలం ఆస్తి ఉన్న మైనర్ల గురించే ఎక్కువ ఆలోచించింది. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 22వ సెక్షన్ కోర్టు నియమించిన గార్డియన్‌కు అతని శ్రమకు తగ్గ భత్యం ఇప్పించవచ్చంటుంది. ఎకరాలున్న పిల్లాడి గార్డియన్‌కు అది పనికొస్తుంది. కూలి డబ్బుతో మనవణ్ణి పెంచే ముసలమ్మకు ఏం పనికొస్తుంది?

ఆ ముసలమ్మ దాకా వచ్చింది 2015 బాల న్యాయ చట్టంలోని స్పాన్సర్‌షిప్. మిషన్ వాత్సల్య కింద ఇప్పుడు బిడ్డకు నెలకు 4,000 రూపాయలు. తల్లిదండ్రులు లేక చుట్టాల దగ్గర పెరిగే పిల్లలు అర్హులే. ఇంటి ఆదాయం ఏడాదికి పల్లెల్లో 72,000, మిగతా చోట్ల 96,000 దాటకూడదు. 2021 మేలో, కొవిడ్ వల్ల తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకున్న పిల్లల పేరిట పది లక్షల డిపాజిట్ వేస్తామని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించింది. అసలు బిడ్డకు, నెలనెలా వచ్చే వడ్డీ పెంపకానికి. ఎవరు ఆలోచించారో గానీ సామెత తెలిసినవాళ్లే అయి ఉంటారు.

ఆ రోజుల్లోనే ఒక బ్యాంకులో నా ముందు వరసలో ఒక పెద్దావిడ నిలబడింది. పక్కన ఎనిమిదేళ్ల పిల్లాడు. వాడి పేరిట ఖాతా తెరవాలి.

“మీరు బాబుకి ఏమవుతారమ్మా?”

“ఏమవడమేంటి నాయనా, అమ్మమ్మని.”

“అమ్మమ్మ అంటే సరిపోదమ్మా. అమ్మో నాన్నో రావాలి. లేదంటే గార్డియన్ అని కాగితమన్నా ఉండాలి.”

ఆవిడ చేతిలో బియ్యం కొట్టు పేరున్న పాలిథిన్ కవరు. ముడి విప్పి ఒక్కొక్కటే కౌంటర్ మీద పెట్టింది. రేషన్ కార్డు. పిల్లాడి ఆధార్. రెండు మరణ ధ్రువపత్రాలు, వాటిలో ఒకటి కూతురిది. అన్నిటికన్నా అడుగున స్కూలు వాళ్లిచ్చిన ప్రోగ్రెస్ కార్డు. తల్లిదండ్రుల సంతకం అని రాసి ఉన్న గడిలో మూడు నెలలకూ మూడు వేలిముద్రలు.